చెవి కారుతోందా? వాసన గమనించండి

పిల్లకు చెవి కారుతోందంటే మన ఇళ్లలో మొదట జరిగేది ఒకటే. వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు, పైన దూది ఉండ. రామసముద్రం పల్లెల్లోనైనా, పట్నంలోనైనా ఇంతే. ఈ నూనె మానేయండమ్మా!

జలుబుతోపాటు ధారగా కారి, మందుతో కొద్ది రోజుల్లో ఆగిపోయే చీము వేరు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా, దుర్వాసనతో కారేది వేరు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పైగా పిలిస్తే పలకలేదని పిల్లకు పొగరంటారు!

డాక్టర్లు దీన్ని కొలెస్టియటోమా అంటారు. 1838లో జర్మనీ శాస్త్రజ్ఞుడు యోహాన్నెస్ ముల్లర్ పెట్టిన పేరిది. ఇది కొవ్వుగడ్డ కాదు, క్యాన్సరూ కాదు. చోటు తప్పి పెరిగిన చర్మం, అంతే.

ముక్కు వెనకనుంచి మధ్యచెవికి గాలి అందించే సన్నని గొట్టం ఒకటుంది. అది సరిగా పనిచేయకపోతే కర్ణభేరి లోపలికి లాక్కుపోయి చిన్న సంచిలా అవుతుంది. ఒంటిమీద రాలే పొట్టు స్నానంతో పోతుంది. ఈ సంచిలో రాలిన పొట్టుకు దారేది? ఉల్లిపొరల్లా పేరుకుని, పెరుగుతూ, పక్కనున్న ఎముకను తినేస్తుంది. శబ్దాన్ని లోపలికి చేరవేసే సుత్తి, దాగలి, అంకవన్నె అనే బుల్లి ఎముకలు అరిగి వినికిడి తగ్గుతుంది. ఆ పక్కనే ముఖాన్ని కదిలించే నరం, పైన మెదడు పొర ఉన్నాయి.

చుక్కల మందు చీమును తగ్గిస్తుందేగాని సంచిని పోగొట్టదు. దానికి ఆపరేషనే మార్గం. చెవిని ప్రమాదం లేకుండా, పొడిగా ఉంచడం మొదటి పని, వినికిడి ఆ తర్వాత. చిన్న ముక్క మిగిలినా మళ్లీ పెరుగుతుంది. అందుకే బాగున్నా, చూపించుకోవడానికి రమ్మన్నప్పుడల్లా వెళ్లాలి. తిరుపతి రుయాలోనూ, కుప్పం మెడికల్ కాలేజీలోనూ చెవి, ముక్కు, గొంతు విభాగాలున్నాయి.

సంబంధాలు తప్పిపోతాయని ఆడపిల్ల చెవిపోటు దాచే తల్లులున్నారు. మూతి వంకరపోతే ఆ దాపరికం ఏపాటి?

మూతి వంకరపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నా, చెవి వెనక వాచినా, జ్వరంతో తలనొప్పి, వాంతులు వచ్చినా ఆ రోజే బయల్దేరండి. వెళ్లేముందు పిన్నీసుతో చెవి శుభ్రం చేయకండి. ఎన్నేళ్లనుంచి కారుతోందో మాత్రం సిగ్గుపడకుండా చెప్పండి.