జాతి ఒక్కటే

మానవుడు జంతురాజ్యానికి చెందినవాడని పిల్లలు పాఠ్యపుస్తకంలో చదివి, ఇది బైబిలుకు విరుద్ధం కాదా అని అడుగుతుంటారు. జవాబు చెప్పేముందు ఆ వర్గీకరణ ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో తల్లిదండ్రులు, సంఘ పెద్దలు తెలుసుకోవడం మంచిదని మా అభిప్రాయం.

వర్గీకరణ ఉత్తరం మీద రాసే చిరునామా వంటిది. రాష్ట్రం, జిల్లా, ఊరు అంటూ చివరకు ఒక ఇంటికి చేరినట్లే, శాస్త్రజ్ఞులు పెద్ద గుంపు నుండి చిన్న గుంపుకు వస్తారు. మానవుడిది జంతురాజ్యం. గర్భంలో ఉన్నప్పుడు వీపు పొడవునా ఒక ఆధారపు కడ్డీ ఏర్పడుతుంది గనుక కార్డేటా వర్గం. తల్లి పాలిచ్చి పెంచుతుంది గనుక క్షీరదాల తరగతి. పట్టు గల చేతులు, ముందుకు చూసే కళ్లు ఉన్నాయి గనుక ప్రైమేట్ల క్రమం. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లతో పాటు హోమినిడే కుటుంబం. ప్రజాతి హోమో, జాతి సేపియన్స్. హోమో అంటే లాటిన్‌లో మనిషి, సేపియన్స్ అంటే వివేకం గలవాడు.

ఈ పేరు పెట్టిన కార్ల్ లిన్నేయస్ స్వీడన్ దేశస్థుడు, ఒక లూథరన్ పాస్టరు కుమారుడు. 1735లో తన గ్రంథం తొలి ముద్రణలోనే మనిషిని కోతులతో ఒకే క్రమంలో ఉంచాడు. విమర్శలు వచ్చాయి. మనిషికీ కోతికీ ప్రజాతి స్థాయిలో తేడా చూపే శరీర లక్షణం ఒక్కటైనా ఉంటే చెప్పమని 1747లో ఒక మిత్రునికి రాసిన లేఖలో అడిగాడు. 1758 నాటి పదవ ముద్రణలో హోమో సేపియన్స్ అన్న పేరు స్థిరపడింది. ఇదంతా శరీర నిర్మాణాన్ని చూసి వేసిన వరుస. ఆత్మను గురించి, దేవుని యెదుట మనిషి విలువను గురించి అది మాట్లాడదు. అందుచేత విశ్వాసి దానిని చూసి బెదరనవసరం లేదు.

అయితే అదే లిన్నేయస్ మనుషులను ఖండాల వారీగా నాలుగు రకాలుగా విడదీసి, ఒక్కొక్కరికి ఒక రంగు, ఒక స్వభావం అంటగట్టాడు. యూరపువారిని మెచ్చుకొని, ఆఫ్రికావారిని సోమరులన్నాడు. తరువాతి కాలంలో జాత్యహంకారం ఇటువంటి రాతలనే ఆసరా చేసుకుంది. ఆ విభజన నిలబడలేదు. ఏ ఇద్దరు మనుషుల డీఎన్‌ఏ చూసినా సుమారు 99.9 శాతం ఒకటే. జన్యుపరమైన భేదాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహంలోని మనుషుల మధ్యనే ఉన్నాయని 1972లో రిచర్డ్ లెవొంటిన్ చూపించాడు. నేడు భూమిమీద బతికున్న మనుషులందరిదీ ఒకే జాతి. అందులో ఉపజాతులు లేవు.

ఇక్కడే మన సంఘాలు ఆగి ఆలోచించాలి. మన వాడుకలో "జాతి తక్కువ" అనే తిట్టు ఇంకా బతికే ఉంది. జీవశాస్త్రంలో మాత్రం ఆ మాటకు అర్థమే లేదు. కోతి పక్కన మన పేరు ఉందని నొచ్చుకునే మనం, సాటి విశ్వాసి పక్కన కూర్చోవడానికి, వియ్యమందడానికి కులం అడుగుతున్నాం. క్రైస్తవ వివాహ ప్రకటనల్లో సైతం కులం పేరు కనబడుతోంది. దేవుడు మానవులందరినీ ఒకే మూలం నుండి కలుగజేశాడని ఏథెన్సులో పౌలు బోధించిన సంగతి మనకు తెలుసు. ఆ మాటను ఆదివారం విని సోమవారం మరచిపోతే, తప్పు పాఠ్యపుస్తకానిది కాదు.