స్టెంటు పెట్టాక మాత్ర మరవొద్దు!

స్టెంటు అనగానే మనకు గుండెజబ్బే గుర్తొస్తుంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలోనూ స్టెంటు పెడతారని మా వదిన విషయంలోనే నాకు తెలిసింది. ఆవిడకు 54 ఏళ్లు. ఒక కనురెప్ప వాలిపోయి, ఒకటి రెండుగా కనిపిస్తోందని కంటి డాక్టరు దగ్గరికెళ్తే, ఆయన కళ్లజోడు రాయకుండా మెదడు స్కానింగుకి పంపారు. కంటి వెనకగా మెదడుకు పోయే పెద్ద ధమని గోడ పలచబడి బుడగలా ఉబ్బిందనీ, అది కంటి నరాల్ని నొక్కుతోందనీ తేలింది. దీన్నే అన్యూరిజం అంటారు.

అందరికీ ప్రమాదమేనా?

పెద్దవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి ఇలాంటి బుడగ ఉంటుందట. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, అందులోనూ యాభై దాటాక ఎక్కువ. బీపీ, పొగతాగే అలవాటు, రక్తసంబంధీకుల్లో ఇద్దరికి ఈ జబ్బు ఉండటం ముప్పును పెంచుతాయి. అలాగని కంగారు పడక్కర్లేదు. చాలా బుడగలు జీవితాంతం పగలవు. ఎంత సైజు, ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది, మనిషి వయసెంత అన్నీ చూసి, కొన్నిటిని స్కానింగులతో కనిపెట్టుకుని ఉంటారంతే.

పగిలితే మాత్రం ప్రాణాపాయమే. ఎన్నడూ ఎరగనంత తలనొప్పి క్షణాల్లో వచ్చేస్తుంది. వాంతులవుతాయి, మెడ బిగుసుకుపోతుంది, స్పృహ తప్పవచ్చు. అలాంటప్పుడు అమృతాంజనం రాసి పడుకోబెట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కాలవకు తడిక కట్టినట్టు

పూర్వం దీనికి పుర్రె తెరిచి, బుడగ మొదట్లో క్లిప్పు బిగించడమే మార్గం. అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్ 1937లో మొదటిసారి ఆ పని చేశారు. 1990ల్లో సన్నటి ప్లాటినం తీగచుట్టల్ని రక్తనాళం గుండా పంపి బుడగను నింపే పద్ధతి వచ్చింది. ఈ రెండూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అయితే బుడగ మూతి మరీ వెడల్పుగా ఉంటే తీగచుట్టలు అందులో నిలవవు. మా వదినది అలాంటిదే. అందుకే డాక్టరుగారు ఫ్లో డైవర్టర్ స్టెంటు పెడదామన్నారు.

మాది కాలవల ఊరని తెలిసి ఆయన భలే పోలిక చెప్పారు. "కాలవ పక్కన గుంటలో నీళ్లు సుడి తిరుగుతున్నాయనుకోమ్మా. గుంటకు అడ్డంగా దట్టంగా అల్లిన తడిక కడితే నీళ్లు కాలవ వెంటే పోతాయి. గుంటలో నీళ్లు నిలిచి, మెల్లగా పూడిపోతుంది" అన్నారు. ఈ స్టెంటు కూడా సన్నటి లోహపు తీగలతో అల్లిన గొట్టమే. తొడ దగ్గరో, మణికట్టు దగ్గరో రక్తనాళం గుండా పంపుతారు. పుర్రె తెరవక్కర్లేదు. బుడగలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, తీగల మీదుగా నాళం లోపలి పొర పెరిగి మూతి మూసుకుపోతుంది.

ఇదంతా ఒక్కరోజులో జరిగేది కాదు. అమెరికా ఎఫ్‌డీఏ 2011లో మొదటి ఫ్లో డైవర్టర్‌కి అనుమతివ్వడానికి ఆధారమైన అధ్యయనంలో, ఆరు నెలలకు నూటికి సుమారు 74 మందికి, ఏడాదికి పరీక్షించినవారిలో 87 మందికి, ఐదేళ్లకు పరీక్షించినవారిలో 95 మందికి బుడగ పూర్తిగా మూసుకుపోయింది. నూటికి ఐదారుగురికి పెద్ద పక్షవాతమో, మరణమో సంభవించింది. ఖర్చూ లక్షల్లోనే. కాబట్టి సంతకం పెట్టే ముందు అన్నీ అడిగి తెలుసుకోవాలి.

అసలు కాపలా ఇంట్లోనే

కొత్తగా పెట్టిన లోహం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. గడ్డ కడితే నాళమే మూసుకుపోయి పక్షవాతం వస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు నుంచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు మొదలుపెడతారు. క్లోపిడోగ్రెల్ కొందరికి సరిగా పనిచేయదు గనుక రక్తపరీక్ష చేసి మాత్ర మార్చడమూ ఉంటుంది. తర్వాత రెండు మాత్రలూ కొన్ని నెలలు, ఆస్పిరిన్ ఇంకా ఎక్కువ కాలం వాడాలి.

నెల తిరిగేసరికి కనురెప్ప కాస్త లేచింది. మా వదినకు ధైర్యమూ వచ్చేసింది. చేతుల మీద కమిలిన మచ్చలు చూసుకుని "బాగానే ఉన్నానుగా, ఇంకెందుకీ మాత్రలు?" అంది. ఏకాదశి ఉపవాసం రోజు మందు కూడా ముట్టనంది. అప్పుడు మా అన్నయ్య నేరుగా డాక్టరుగారికే ఫోన్ కలిపి ఇచ్చాడు. "ఉపవాసం ఉండమ్మా, మాత్ర మాత్రం మానకు. ఇప్పుడు నీ మెదడును కాచేది అదే" అన్నారాయన. ఆ మాటతో దారికొచ్చింది.

గుర్తుంచుకోండి

* పన్ను తీయించుకోవాలన్నా, వేరే ఆపరేషన్ అన్నా స్టెంటు పెట్టిన డాక్టరును అడగకుండా మాత్రలు ఆపొద్దు.
* క్లోపిడోగ్రెల్ వాడేవారు గ్యాస్‌కి ఒమెప్రజోల్ సొంతంగా కొనుక్కుని మింగొద్దు. అది ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది.
* ఒళ్లునొప్పుల మాత్రలూ అడిగే వాడండి. కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి.
* మలం నల్లగా వచ్చినా, రక్తం ఆగకుండా కారినా వెంటనే డాక్టరుకు చెప్పండి.
* మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.
* చెప్పిన గడువుకు యాంజియోగ్రాం తప్పక చేయించుకోండి. బుడగ మూసుకుందో లేదో తెలిసేది దాంతోనే.

ఇంట్లో అందరి మందుల వేళలూ గుర్తుపెట్టుకునే మనం, మన మాత్ర దగ్గరికొచ్చేసరికి "రేపు వేసుకుందాంలే" అంటాం. ఈ మాత్రకు మాత్రం రేపు లేదు.