వృద్ధుల ప్రయాణం – కథల్లో కనిపించని లెక్క

మన కథల్లో వృద్ధులు ఇల్లు వదిలే ఘట్టం తరచు వస్తుంది. కొడుకు వచ్చి తీసుకుపోతాడు. తల్లి గడప దగ్గర ఆగి వెనుదిరిగి చూస్తుంది. పట్నంలో కోడలు ముఖం ముడుచుకుంటుంది. పాఠకుడు కళ్ళు తుడుచుకుంటాడు. కాని ఆ ప్రయాణాన్ని నిర్ణయించిందేమిటని కథ అడగదు. కొడుకు మనసు మాత్రమే కాదు, మోకాళ్ళూ, మందుల చీటీ, బ్యాంకు పాసుపుస్తకమూ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి.

లిట్వాక్, లాంజినో అనే అమెరికన్ పరిశోధకులు 1987లో వృద్ధుల కదలికను మూడు దశలుగా వివరించారు. ఉద్యోగ విరమణ తర్వాత, ఆరోగ్యమూ డబ్బూ వుండగా, నచ్చిన చోటికి పోవడం మొదటిది. సొంత పనులు చేసుకోవడం కష్టమైనప్పుడు పిల్లల దగ్గరకు చేరడం రెండవది. కుటుంబం మోయలేనంత జబ్బు చేసినప్పుడు సంరక్షణాలయానికి పోవడం మూడవది. ఇది అక్కడి చిత్రం. మన దగ్గర మొదటి దశ కొద్దిమంది పింఛనుదార్లదీ, ఆస్తిపరులదీ. తక్కిన చాలామందికి కదలిక రెండవ దశతోనే మొదలవుతుంది.

స్థూలంగా చెప్పాలంటే, ఎప్పుడు కదలాలో ఆరోగ్యం చెబుతుంది. ఎక్కడికి, ఏ హోదాలో అన్నది డబ్బు చెబుతుంది. ఒకే వూళ్ళో ఇద్దరికి మూత్రపిండాలు చెడిపోయాయనుకుందాం. ఇద్దరికీ వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ కావాలి. వైద్యం ఉచితంగా దొరికినా బస్సు ఛార్జీ, తోడు వచ్చేవారి కూలి ఉచితం కావు. పింఛను వున్న పెద్దాయన ఆస్పత్రి దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకుంటాడు. కూలి చేసి బతికిన అవ్వ కొడుకు ఒంటిగది ఇంట్లో ఓ మూల చేరుతుంది. జబ్బు ఒకటే. ఆయన ఇంటి యజమానిగా మిగిలాడు, ఆమె పరాధీన అయింది.

చేతిలో పడే డబ్బు ఈ హోదాను కొంత మారుస్తుంది. వృద్ధాప్య పింఛను తెలంగాణలో 2019లో 2,016 రూపాయలైంది, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 అయింది. ఆ మొత్తంతో వైద్యం సాగదు. అయినా, కాళ్ళు ఆడినంతకాలం, సొంత పొయ్యి వెలిగించుకుని వూళ్ళోనే వుండే ధైర్యాన్ని అది ఇస్తుంది.

కదలనివారి సంగతి? దాన్ని మనం వూరి మీది మమకారమని రాసేస్తాం. మమకారం అబద్ధం కాదు. కాని పట్నంలో అద్దె కట్టలేక, పిల్లలకే గూడు లేక, వున్నచోటే వుండిపోయేవారిది ఎంపిక కాదు, గత్యంతరం లేకపోవడం. దంపతుల్ని వంతులు వేసి తండ్రి పెద్దకొడుకు దగ్గర, తల్లి చిన్నకొడుకు దగ్గర అని విడదీసే చోట కూడా రెండు బీద సంసారాల లెక్క వుంటుంది.

ఆస్తి వున్నవారి సమస్య వేరు. ఆపరేషను ఖర్చు పెట్టిన కొడుక్కి ఇల్లు రాసి ఇచ్చిన మర్నాటి నుంచి తండ్రి తన ఇంట్లోనే అతిథి. పోషించాలన్న షరతుతో రాసిన ఆస్తిని, పోషించకపోతే రద్దు చేయించుకునే హక్కు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షను ఇచ్చింది. ఆ హక్కును వాడుకోవాలన్నా కార్యాలయం దాకా నడిచే కాళ్ళుండాలి.

ఈ విషయం నాకు దూరపుది కాదు. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయుణ్ణి. నాకు చదువు చెప్పిన మాస్టార్లకు వున్న పాత పింఛను నాకు లేదు. వారు చేసుకోగలిగిన ఎంపిక రేపు నాకు వుంటుందన్న నమ్మకం లేదు.

కథలో కన్నీరు వద్దని నా వాదన కాదు. కోడల్ని దోషిగా నిలబెట్టడానికి ముందు ఆ ఇంటి నెలసరి జమాఖర్చు రచయిత ఒకసారి చూడాలి. ఆ అవ్వ ఎందుకు వెళ్ళిందో అప్పుడు తెలుస్తుంది.