నెట్ ఆగిందా... ముందు దీపాలు చూడండి!

అనంతపురం: ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల నమోదుకు ఆఖరి రోజు. చేతిలో ఫోను ఉంది, ఇంట్లో వైఫై ఉంది, తెర మీద మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇలాంటి వేళ ఇంటిల్లిపాదీ అనే మాట ఒక్కటే... ‘నెట్ పోయింది’. నిజానికి ఆ మాట వెనుక మూడు వేర్వేరు సంగతులు ఉంటాయి. వీధి నుంచి ఇంట్లోకి వచ్చే తీగలో లోపం ఉండవచ్చు. గోడకు తగిలించిన రౌటర్ పెట్టెలో ఉండవచ్చు. పెట్టెకూ ఫోనుకూ మధ్య గాలిలో సాగే సంకేతంలోనూ ఉండవచ్చు. మొదటిదాన్ని ఇంట్లోవారు సరిచేయలేరు. మిగిలిన రెండింటిలో చాలా భాగం పది నిమిషాల్లో చక్కదిద్దుకోగలిగినవే. లోపం ఎక్కడో తేల్చుకోకుండా చేసే తొందరపాటు పనులే గంటలో పోయే ఇబ్బందిని రోజుల పాటు సాగదీస్తున్నాయి.

జిల్లాలో ఒకప్పుడు ఇంటర్నెట్ అంటే పట్టణాల్లోని నెట్ సెంటర్లే. 2005లో బీఎస్ఎన్ఎల్ టెలిఫోన్ తీగ మీదే బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం మొదలుపెట్టాక కొన్ని ఇళ్లకు ఆ సౌకర్యం వచ్చింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్ తీగ పల్లెలకూ చేరింది. టీవీ, టెలిఫోన్, ఇంటర్నెట్ మూడూ కలిపి నెలకు రూ.149 ప్రారంభ ధరకు ఇస్తామన్నది అప్పటి ఆకర్షణ. ప్రైవేటు సంస్థలు, కేబుల్ ఆపరేటర్లు సైతం ఫైబర్ బాట పట్టారు. 2020లో కరోనా వేళ తరగతులు, ఉద్యోగాలు ఇంట్లోకే రావడంతో రౌటర్ నిత్యావసర వస్తువుల్లో చేరిపోయింది. అయితే ఆ పెట్టెను తయారు చేసినవారు అనంత ఎండలనూ, ఇక్కడి రాతి గోడలనూ దృష్టిలో పెట్టుకుని తయారు చేయలేదు. చిక్కంతా అక్కడే వస్తోంది.

ఎర్ర దీపం వెలిగితే...

ఫైబర్ పెట్టె మీద వరుసగా చిన్న దీపాలుంటాయి. ‘పవర్’ దీపం కరెంటు అందుతోందని చెబుతుంది. ‘పాన్’ దీపం నిలకడగా వెలిగితే వీధి తీగ ద్వారా కేంద్రంతో సంబంధం కుదిరినట్టు. ‘ఎల్ఓఎస్’ అనే దీపం ఎర్రగా మెరుస్తుంటే తీగలో నుంచి రావాల్సిన కాంతి రావడం లేదని అర్థం. ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు పోగు. అందులో ప్రవహించేది విద్యుత్తు కాదు, కాంతి. ఎర్ర దీపం మెరుస్తున్నంతసేపూ ఫోనులో ఏ బటన్ నొక్కినా, పెట్టెను ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం ఉండదు. ఎత్తుగా వేరుశనగ కట్టె వేసుకుని వెళ్లే ట్రాక్టరు వీధిలో వేలాడే తీగను లాగేసి ఉండవచ్చు. ఈదురుగాలికి కొమ్మ విరిగి పడి ఉండవచ్చు. ఇంట్లోనే ఎలుక కొరికి ఉండవచ్చు.

ఆపరేటర్‌కు ఫోను చేసే ముందు ఒక్కటి మాత్రం చూసుకోవాలి. తీగ మంచం కోడు కింద నలిగిందా, తలుపు సందులో మడత పడిందా? రాగి తీగ వంగినా పని చేస్తుంది. గాజు పోగు తీవ్రంగా వంగితే కాంతి ఆ మలుపు దగ్గరే బయటికి జారిపోతుంది. మడత విప్పి, తీగను పెద్ద చుట్టుగా వదులుగా వేస్తే కొన్నిసార్లు ఎర్ర దీపం దానంతటదే ఆరిపోతుంది. తెగిన కొనను, ఊడదీసిన కొనను కంటికి ఎదురుగా పెట్టుకుని చూడరాదు. అందులోని లేజర్ కాంతి కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు. పిల్లలకు ఈ మాట తప్పక చెప్పాలి.

టీవీ, ఫోను, నెట్ మూడూ ఒకే ఫైబర్ పెట్టె నుంచి తీసుకున్న ఇళ్లలో మరో తేలికైన పరీక్ష ఉంది. మూడూ ఒకేసారి ఆగితే అనుమానం తీగ మీదికో, పెట్టె మీదికో పోవాలి. టీవీ నిక్షేపంగా వస్తూ ఫోనులో మాత్రం నెట్ రాకపోతే తీగ బాగానే ఉన్నట్టు. అప్పుడు చూడాల్సింది వైఫైని. ఒక ఫోనులో రాకుండా మరో ఫోనులో వస్తుంటే తప్పు ఆ ఒక్క ఫోనుదే. అందులో వైఫై పేరును తొలగించి, పాస్‌వర్డ్ మళ్లీ ఇస్తే చాలావరకు సరిపోతుంది.

పిన్ను గుచ్చితే అసలుకే మోసం

పెట్టెను ‘రీస్టార్ట్’ చేయడం వేరు, ‘రీసెట్’ చేయడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడమే ఎక్కువ నష్టం చేస్తోంది. స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేయడం రీస్టార్ట్. దానివల్ల ఏమీ పోదు. పూర్తిగా సిద్ధం కావడానికి పెట్టెకు రెండు, మూడు నిమిషాలు పడుతుంది. ఆలోగా మళ్లీ ఆపకూడదు. పెట్టె వెనుక సూది దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది. అందులో పిన్ను గుచ్చి పట్టుకుంటే జరిగేది రీసెట్. వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో పాటు కనెక్షన్ ఇచ్చిన రోజు ఆపరేటర్ నమోదు చేసిన యూజర్ పేరు, ఇతర అమరికలు సైతం తుడిచిపెట్టుకుపోవచ్చు. అప్పటిదాకా కేవలం నెమ్మదిగా ఉన్న నెట్, పిన్ను గుచ్చాక పూర్తిగా ఆగిపోతుంది. పట్టణంలోనైతే ఆ సాయంత్రానికి మనిషి వస్తాడు. మండల కేంద్రానికి దూరంగా ఉన్న పల్లెలో ఎన్నాళ్లు ఎదురుచూడాలో చెప్పలేం. యూట్యూబ్‌లో చూసి చేసే వైద్యాల్లో ఇది అన్నింటికన్నా ఖరీదైనది.

గూటిలో ఉడికే పెట్టె

ఉదయం చక్కగా పని చేసి, మధ్యాహ్నం రెండు గంటలకు మొరాయించి, రాత్రికి మళ్లీ దారికొస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది ఎండను. చాలా రౌటర్లను 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ లోపు వాతావరణంలో పని చేసేలా తయారు చేస్తారు. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో బయటి ఉష్ణోగ్రతే 40 డిగ్రీలు దాటడం మామూలు. ఇక రేకుల ఇంట్లో పైకప్పు కింద అటక మీద పెట్టిన పెట్టె సంగతి చెప్పేదేముంది! పెట్టె తానుగా పుట్టించే వేడి దీనికి అదనం. వేడి మితిమీరితే లోపలి చిప్ తడబడుతుంది, పెట్టె స్తంభించిపోతుంది. ఆపి వేస్తే కాసేపు పని చేసి మళ్లీ ఆగడం దీని ఆనవాలు.

పాత రాతి ఇళ్లలో గోడల్లో గూళ్లుంటాయి. వెనుకటికి దీపం పెట్టిన ఆ గూట్లోనే ఇప్పుడు రౌటర్ పెడుతున్నారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. గాలి ఆడదు, పైగా మూడు వైపులా రాయి అడ్డు. టీవీ వెనుక, సెట్‌టాప్ బాక్సు మీద, గాజు తలుపుల షోకేసులో పెట్టడమూ ఇంతే. పడసాలలో మనిషి తల ఎత్తున, నాలుగు వైపులా గాలి తగిలేలా గోడకు బిగించడం మేలు. చల్లదనం కోసం నీటి కూలర్‌కు ఎదురుగా పెట్టేవారున్నారు. ఆ తేమ గాలి పెట్టెకు వేడి కన్నా చేటు. ఫ్యాను గాలి చాలు. హగరి ఇసుక ఎగిరిపడే కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల్లో పెట్టె రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోతాయి. స్విచ్ ఆపి, పొడి కుంచెతో నెలకొకసారి దులపాలి.

రాతి గోడ, నీళ్ల డ్రమ్ము

పడసాలలో బాగా వచ్చే వైఫై వెనుక గదిలో రాకపోవడానికి ఇక్కడి ఇంటి కట్టుబడే కారణం. వైఫై సంకేతం రేడియో తరంగం. పలుచని ఇటుక గోడను దాటగలదు గానీ అడుగున్నర మందమున్న రాతి గోడను దాటేసరికి నీరసించిపోతుంది. ఇనుప బీరువా ఆ తరంగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. నీరు దాని శక్తిని పీల్చుకుంటుంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ గడ్డ మీద నీళ్ల డ్రమ్ములు, బిందెల వరుస లేని ఇల్లు అరుదు. రౌటర్‌కూ చదువుకునే బల్లకూ మధ్య ఆ వరుస అడ్డు పడుతోందేమో గమనించాలి. డ్రమ్మును జరపడం కన్నా రౌటర్‌ను రెండడుగులు పైకి జరపడమే సులువు.

కొత్త పెట్టెలు రెండు రకాల సంకేతాలను పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం దూరం పోతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడ అడ్డొస్తే నిలవదు. అందుకే ఫోనులో ఒకే ఇంటి వైఫై పేరు రెండుసార్లు కనిపిస్తుంది. పేరు చివర ‘5జి’ అని ఉన్నది చూసి మొబైల్ 5జీ సేవ అనుకుంటున్నవారు ఎందరో. దానికీ దీనికీ సంబంధం లేదు. పెట్టె ఉన్న గదిలో 5 గిగాహెర్ట్జ్, వెనుక గదుల్లో 2.4 వాడుకోవాలి. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ 2.4లో ఒకే చానల్ మీద ఉంటే పరస్పరం అడ్డుపడతాయి. అక్కడ 1, 6, 11 చానళ్లలో ఖాళీగా ఉన్నదానికి మార్చమని ఆపరేటర్‌ను కోరవచ్చు.

వేగం తగ్గిందని రౌటర్‌ను నిందించే ముందు బిల్లు కూడా చూడాలి. చాలా పథకాల్లో నెలకు ఇన్ని జీబీలని పరిమితి ఉంటుంది. అది దాటగానే వేగం తగ్గించేస్తారు. ప్రతి నెలాఖరులోనే నెమ్మదిస్తోందంటే కారణం ఇదే కావచ్చు. పాస్‌వర్డ్ ‘12345678’ అని పెట్టుకున్న ఇంట్లో ఆ జీబీలు వీధి అరుగు మీది కుర్రకారు ఫోన్లలోకి పోతున్నాయేమో కూడా ఆలోచించాలి.

కరెంటు తిప్పలు

ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద బోరు మోటార్లు కూడా ఉన్నచోట అవన్నీ ఆడగానే వోల్టేజీ పడిపోతుంది. అప్పుడు దీపాలన్నీ ఆరి, మళ్లీ మొదటి నుంచి వెలగడం కనిపిస్తే లోపం తీగది కాదు. పాతబడిన అడాప్టర్ కూడా సరిగ్గా ఇలాగే చేస్తుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద రాసిన వోల్టులు కచ్చితంగా సరిపోవాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉన్నా ఫరవాలేదు. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉన్నచోట 12 వోల్టులు, 1.5 ఆంపియర్లది పెట్టుకోవచ్చు. పిన్ను పట్టింది కదా అని 9 వోల్టులది పెడితే పెట్టె సరిగ్గా పని చేయదు. వోల్టేజీ ఎక్కువైనది పెడితే కాలిపోవచ్చు. కోతల వేళ పరీక్షలు, ఇంటర్వ్యూలు ఉన్న ఇళ్లకు రౌటర్ కోసమే అమ్మే చిన్న యూపీఎస్ ఉపయోగపడుతుంది.

ఎండాకాలం చివర ఉరుములతో వాన వచ్చినప్పుడు అడాప్టర్‌ను ప్లగ్గు నుంచి తీసేయాలి. గాజు పోగులో విద్యుత్తు ప్రవహించదన్న మాట నిజమే. అయితే పిడుగు తాకిడి కరెంటు తీగ ద్వారా అడాప్టర్‌లోకి రాగలదు. కొన్ని ఫైబర్ తీగల్లో బలం కోసం ఉక్కు పోగు కూడా ఉంటుంది.

ఇన్ని చూశాకా నెట్ రాకపోతే ఫిర్యాదు చేయాల్సిందే. ‘నెట్ రావడం లేదు’ అని మాత్రమే చెబితే అవతలివారు మొదట చెప్పేది ‘ఒకసారి ఆపి వేయండి’ అనే. ఏ దీపం ఏ రంగులో ఉంది, టీవీ వస్తోందా, ఎన్ని గంటలకు ఆగింది, పక్కింటి కనెక్షన్ ఎలా ఉంది అన్న నాలుగు సంగతులూ చెబితే ఏ పరికరంతో రావాలో వారికి తెలుస్తుంది. వచ్చిన మనిషి దగ్గర కాంతి బలాన్ని కొలిచే చిన్న మీటరు ఉంటుంది. ఇంటి దగ్గర అందే కాంతి సాధారణంగా మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27 కన్నా దిగువకు పోతే ఆ వేళకు నెట్ వచ్చినా మళ్లీ ఆగే ప్రమాదం ఉంది. ఆ అంకె ఎంతో అడిగి, తేదీతో సహా రాసి పెట్టుకోవాలి. మళ్లీ ఆగిన రోజు పాత అంకెతో పోల్చి చూడమని అడగవచ్చు.