అధ్యక్షుడు, పెద్ద, పరిచారకుడు: సంఘపాలన లేఖల తెలుగు పదములు

క్రొత్త నిబంధనలో తిమోతికి వ్రాయబడిన రెండు లేఖలును, తీతునకు వ్రాయబడిన లేఖయు సంఘమును నడపువా రెట్టివారై యుండవలెనో విధించును. ఇవి పౌలు పేర వెలసినవి. 1807లో ష్లయర్‌మాఖర్ మొదటి తిమోతి లేఖ కర్తృత్వమును శంకించినది మొదలు పండితులలో వాదము నడచుచునే యున్నది. కర్త యెవరైనను, అనువాదకునకు మొదటి చిక్కు ఉద్యోగనామములే.

ఈ చిక్కును గుర్తించుటకు ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణము అనువైనది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి అచట ఖరిదా మొదలగు పేటలలో తెలుగువారును బంగాళీలును ఇరుగుపొరుగువారు. ఈ రెండు భాషల ప్రాత బైబిళ్లను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, గ్రీకు ‘ఎపిస్కొపొస్’ రెంటను ‘అధ్యక్ష’ శబ్దమే. ‘దియాకొనొస్’ రెంటను ‘పరిచారక’ శబ్దమే. ‘ప్రెస్బ్యుతెరొస్’ కడ మాత్రము దారులు చీలినవి: బంగాళీ ‘ప్రాచీన’ మనగా తెలుగు ‘పెద్ద’ యనినది. ప్రాచీనుడనిన తెలుగువానికి పూర్వయుగమువాడే తోచును గదా!

‘ఎపిస్కొపొస్’ అనగా పైనుండి చూచువాడు, తనిఖీ చేయువాడు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ‘అధ్యక్షప్రచారము’ అను అధికరణమునందలి సీతాధ్యక్షుడు, శుల్కాధ్యక్షుడు మొదలగువారు అట్టి పర్యవేక్షకులే. కావున అనువాదము మిక్కిలి సమంజసము. కాని నేటి తెలుగున అధ్యక్షుడనగా సభాపీఠమున కూర్చుండువాడు. మాట నిలిచినది, అర్థము జరిగినది.

‘పెద్ద’ విషయము ఇంతకంటె లోతైనది. తీతు లేఖ మొదటి అధ్యాయము పెద్దల నియామకముతో నారంభించి, వెంటనే వారినే అధ్యక్షశబ్దముతో పేర్కొనినట్లు తోచును. తెలుగున చదువువానికి ఇవి రెండు వేర్వేరు పదవులుగా కనబడును. అంతియేగాక ఊరిపెద్ద, కులపెద్ద అను వాడుకలలో పెద్దరికము వయస్సువలననో వంశమువలననో సంక్రమించును. లేఖలు కోరునది యోగ్యత: మద్యమునకును ధనమునకును లొంగకుండుట, అతిథులనాదరించుట, బోధింప నేర్చుట, ఇల్లు చక్కదిద్దుకొనుట, బయటివారి చేతను మంచివాడనిపించుకొనుట. పెద్దపై నేరము మోపినచో ఇద్దరు ముగ్గురు సాక్షులుండవలెను. పాపము చేసినవానిని అందరియెదుట గద్దింపవలెను. ఊరిపెద్దను ఇట్లు నిలదీయుట మన గ్రామములలో ఎంత అరుదో చెప్పనక్కరలేదు.

వాడుకలో ‘పాస్టరు’, ‘డీకను’, ‘అయ్యగారు’ అనుమాటలే వినబడును. ‘పరిచారక’ శబ్దము గ్రంథమునకే పరిమితమైనను, దానివలన నొక మేలు జరిగినది. 1611 నాటి ఆంగ్లానువాదము తిమోతి లేఖయందు ‘డీకను’ అని, రోమా పత్రికయందు ఫీబే యను స్త్రీని గూర్చి ‘సేవకురాలు’ అని వేరుచేసినది. గ్రీకుపదము రెంటను ఒక్కటే. తెలుగు బైబిలు ఆమెను ‘పరిచారకురాలు’ అనినది.