వీలునామా నమూనా: యంత్రంలో భద్రపరచినది పత్రమగునా?

తమ తదనంతరం కొంత భూమియో ధనమో దైవకార్యానికి చెందేటట్లు వ్రాసి ఉంచాలన్న సంకల్పం మన ప్రాంతపు పెద్దలలో నేటికీ ఉన్నది. పూర్వం హాలియాలోనైనా, మిర్యాలగూడలోనైనా ఈ పని దస్తావేజు లేఖరి చేతిమీదుగా జరిగేది. నేడు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కుమారుడు వీలునామా నమూనాను అంతర్జాలం నుండి డౌన్‌లోడు చేసి ఫోనుకు పంపుతున్నాడు. ఇంట్లోని మనుమరాలు ఖాళీలు పూరించి భద్రపరుస్తున్నది. తాతగారు దానిని ఒకసారి చూచి, పని పూర్తయినదని తృప్తి పడుతున్నారు. నిజానికి అప్పటికి పని ఆరంభమైనది మాత్రమే.

లేఖ్యము ఎట్లుండాలో మన ధర్మశాస్త్రం విపులంగా చెప్పినది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం ప్రకారం ఋణపత్రంలో సంవత్సరం, మాసం, పక్షం, దినం, పేర్లు, గోత్రం, తండ్రి పేరు ఉండాలి. ఋణం తీసుకొన్నవాడు తనకు సమ్మతమేనని స్వహస్తంతో వ్రాయాలి. సాక్షులు తమ తండ్రి పేరుతో సహా తామే వ్రాయాలి. చిట్టచివర లేఖకుడు ఇది తాను వ్రాసినట్లు చెప్పాలి. అయితే స్వహస్తంతో వ్రాసిన పత్రం, బలాత్కారం గాని వంచన గాని లేనప్పుడు, సాక్షులు లేకున్నను ప్రమాణమేనని అదే స్మృతి అంటున్నది.

ఈ చివరి మాటను నేటి వీలునామాకు అన్వయించరాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం వీలునామా వ్రాసినవారు సంతకమో వేలిముద్రయో వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు దానిని చూచి గాని, ఆ సంతకం తనదేనని కర్త చెప్పగా విని గాని, ఆయన సమక్షంలో తామూ సంతకం చేయాలి. సాక్షులిద్దరూ ఒకేసారి ఉండవలెనన్న నియమం లేదు. ఎంత చక్కని దస్తూరీతో వ్రాసినా, సాక్షులు లేనిది వీలునామా కాదు. నోటరీ ముద్ర ఒక్కటే ఆ లోటును పూరించదు. ఇక ఎలక్ట్రానిక్ సంతకం సంగతి: 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం మొదటి షెడ్యూలులో వీలునామాను మినహాయించినారు. కనుక ఫోనులో భద్రపరచినది ముసాయిదా మాత్రమే. కాగితంపై ముద్రించి, సిరాతో సంతకాలు పడిన తరువాతనే అది పత్రం. ఈ తేడా తెలియక, ఫైలు ఫోనులో ఉండగానే పెద్దలు కాలం చేస్తే, వారి సంకల్పం నిలబడదు. ఆస్తి వారసత్వ క్రమంలో పోతుంది. దైవానికి ఇవ్వదలచినది ఇచ్చినట్లు కాదు.

నమూనా ఎక్కడిదో ముందు చూడండి. పరదేశంలో ఉన్న పిల్లలు తెలియక అక్కడి నమూనానే పంపవచ్చును. ఆ దేశపు రాష్ట్రాల చట్టాలు మనకు పనికిరావు. తెచ్చుకొన్న నమూనాను అట్లే ఉంచి, నకలు తీసి ఆ నకలులోనే పూరించండి. కొన్ని పీడీఎఫ్‌లలో వ్రాసినది మూసివేయగానే మాయమవుతుంది. అందుచేత భద్రపరచి, మూసి, మరల తెరచి చూడాలి. మన డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతో కూర్చిన తెలుగును మరొక కంప్యూటరులో తెరిస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనబడతాయి. యూనికోడ్‌లో వ్రాయించి, పీడీఎఫ్‌గా మార్చి తెచ్చుకొనుట మేలు. ఇంటర్నెట్ కేంద్రంలో పని చేయించినట్లయితే, ఆధార్ సంఖ్యలున్న ఆ ఫైలును వారి యంత్రం నుండి మీ ఎదుటనే తొలగింపజేయండి.

పేర్ల విషయంలో ఎంత పట్టింపు చూపినా అధికం కాదు. ఇంద్రశత్రు శబ్దంలో స్వరం ఒకటి తప్పినందున త్వష్ట చేసిన యాగం వృత్రునికే చేటు తెచ్చినదని వైయాకరణులు చెబుతారు. సుబ్బరావు, సుబ్బారావు అన్నవి మనకు ఒకటే. కార్యాలయంలో ఇద్దరు మనుష్యులు. ఆధార్‌లో ఎట్లున్నదో అట్లే వ్రాసి, ఇతర పత్రాలలో వేరుగా ఉంటే ఆ రూపాన్ని కూడా పేర్కొనండి. భూమికి సర్వే సంఖ్య, విస్తీర్ణం, నాలుగు హద్దులు వ్రాయాలి.

వీలునామాకు స్టాంపు కాగితం అవసరం లేదు, తెల్లకాగితం చాలును. పుటలకు సంఖ్యలు వేయించి, ప్రతి పుట అడుగున సంతకం చేయండి. సంతకాలు మాత్రమే ఉన్న ఒంటరి కాగితం చివర మిగలకుండా ముద్రింపజేయండి; అట్టి కాగితం మరొక పత్రానికి అతికే ప్రమాదమున్నది. లబ్ధి పొందేవారిని సాక్షులుగా పెట్టకుండుట వివేకం. మీకంటె చిన్నవారు, మిమ్మల్ని ఎరిగినవారు అయితే మరీ మంచిది.

జీవించి ఉండగానే భూమిని ఇచ్చివేయదలచినవారి త్రోవ వేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దానపత్రానికి ఇద్దరు సాక్షులతో పాటు రిజిస్ట్రేషను తప్పనిసరి. సంతకమైన నాలుగు నెలలలోగా దానిని దాఖలు చేయాలి. తెలంగాణలో వ్యవసాయ భూములకు ఆ పని తహసీల్దారు కార్యాలయంలోనే జరుగుతున్నది. 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినది.

వీలునామాకు రిజిస్ట్రేషను ఐచ్ఛికం, కాలపరిమితి కూడా లేదు. అయినను చేయించుటే నా సలహా. పత్రం పోయినా, చెరిగినా, దేశాంతరంలో ఉన్నా మరొకటి వ్రాయించాలని యాజ్ఞవల్క్యుడు చెప్పినాడు గాని, కర్త గతించిన తరువాత వ్రాసేవారెవరు? రిజిస్టరైన వీలునామా నకలు కర్త జీవించి ఉన్నంతకాలం ఆయనకో ఆయన ప్రతినిధికో తప్ప ఇతరులకు ఇవ్వరు. తదనంతరం కోరినవారు పొందవచ్చును.