కోదండపాణిగారి జామీను

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బస్సెక్కి బెంగళూరు వెళితే కన్నడం మాట్లాడుతూ పెరుగుతారు. వారిలో కొందరికి సొంతంగా పాట కట్టి, పాడి, రికార్డు చేయించుకోవాలన్న ఉబలాటం ఉంటుంది. "మా వాడి తెలుగులో తమిళ యాస, తమిళంలో తెలుగు యాస. వీడి పాట ఎవరు వింటారు సార్?" అని తల్లిదండ్రులు దిగులుపడుతుంటారు. అలాంటివారికి నేను ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి తొలి రికార్డింగు సంగతి చెబుతుంటాను.

బాలుగారు 1946 జూన్ 4న పుట్టిన కోనేటమ్మపేట ఇవాళ తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఆ లెక్కన మనవాడే! తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. బాలుగారు మద్రాసులో ఎ.ఎం.ఐ.ఇ. చదువుతూ పాటల పోటీల్లో పాడుతుండేవారు. అలా ఒక పోటీలో ఆ గొంతు సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణిగారి చెవిన పడింది.

నటుడు పద్మనాభం నిర్మించిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రం కోసం 1966 డిసెంబరు 15న కోదండపాణిగారు ఆయనచేత తొలి పాట పాడించారు. ఆ పాటలో గొంతు కలిపినవారు పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య. ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఆ ముగ్గురి సరసన మైకు ముందు నిలబడ్డాడంటే ఎంత గుండె దిటవు కావాలో ఆలోచించండి.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. నాకు ముచ్చట గొలిపేది ఆ తర్వాత జరిగింది. ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు. పని ముగిశాక చెరిపేసి మళ్ళీ వాడుకునేవారు. కోదండపాణిగారు రికార్డింగు ఇంజనీరు స్వామినాథన్‌గారికి చెప్పి, ఆ పాట టేపును ఏడాదిపాటు చెరపకుండా ఉంచమన్నారు. అక్కడికి వచ్చే ఇతర సంగీత దర్శకులకు ఈ కొత్త గొంతు వినిపించాలని! తన సినిమా పాట తనకు దక్కింది. ఇక ఆయనకు అందులో పైసా లాభం లేదు.

బ్యాంకులో జామీను సంతకం అనగానే సొంత బావమరదులే మొహం చాటేయడం నేను చూశాను. అడగకుండానే జామీను పడ్డవారు ఈయన.

ఇక యాస మాటకొస్తే, తమిళంలో ఎం.ఎస్. విశ్వనాథన్‌గారు బాలుగారి పాట విని మెచ్చుకుంటూనే, ఉచ్చారణ బాగుచేసుకుని రమ్మన్నారు. బాలుగారు అలకపోకుండా నేర్చుకుని వెళ్ళారు. 1969లో 'శాంతి నిలయం', 'అడిమైప్పెణ్' చిత్రాలు రెండింటిలోనూ ఆయన పాటలున్నాయి. తర్వాత తెలుగు, తమిళం, కన్నడం, హిందీ నాలుగు భాషల్లో కలిపి ఆరు జాతీయ అవార్డులు వచ్చాయి.

వాటిలో మొదటిది 1980లో విడుదలైన 'శంకరాభరణం' పాటకు. అది చూడటానికి కోదండపాణిగారు లేరు, 1974లోనే కన్నుమూశారు. మద్రాసులో బాలుగారు సొంతంగా రికార్డింగు స్టూడియో పెట్టినప్పుడు దానికి కోదండపాణి ఆడియో ల్యాబ్స్ అని పేరు పెట్టారు.